పంచాయతీ సమితి: కర్నూలు, కడప జిల్లాలలో రద్దయిన ఒక ఎన్నికల పరిధి చరిత్ర

కర్నూలు, కడప జిల్లాల పల్లెలలో పెద్ద వయసువారు మండల పరిషత్ కార్యాలయాన్ని నేటికీ "సమితి ఆఫీసు" అని పిలవడం కద్దు. పూర్వం "సమితి ప్రెసిడెంటు"గా పనిచేసిన వారిని గ్రామస్థులు ఆ హోదాతోనే గుర్తుంచుకున్నారు. చట్టరీత్యా పంచాయతీ సమితి 1959లో ఏర్పడి, 1986 నాటి చట్టంతో రద్దయింది. అంటే ఉన్నది ముప్పయ్యేళ్ళకు లోపే. ఆ తరువాత ఏర్పడిన మండలానికి అంతకంటె ఎక్కువ ఆయుష్షు లభించినప్పటికీ సమితి అనే మాట వాడుక నుండి పూర్తిగా తొలగిపోలేదు.

సమితి గ్రామాభివృద్ధి కార్యక్రమాలను అమలు జరిపే పాలనా సంస్థ మాత్రమే కాదు, ఎన్నికల పరిధి కూడా. ఎవరు ఓటు వేయాలి, ఎంత విస్తీర్ణంలోని ప్రజలకు ఒక అధ్యక్షుడు ఉండాలి, ఆ అధ్యక్షుడు ఎవరికి జవాబుదారీ అన్న మూడు ప్రశ్నలకు సమితి ఒక విధమైన సమాధానం చెప్పింది. దానికి ముందున్న తాలూకా బోర్డు వేరొక విధంగా, తరువాత వచ్చిన మండలం, ప్రాదేశిక నియోజకవర్గం మరొక విధంగా చెప్పాయి. వానలు తక్కువ, ఊళ్ళ మధ్య దూరం ఎక్కువ అయిన ఈ రెండు జిల్లాలలో సరిహద్దు మారిన ప్రతిసారీ అధ్యక్షపీఠం సామాన్య ఓటరుకు దగ్గరగానో దూరంగానో జరుగుతూ వచ్చింది. పాత రికార్డులు పరిశీలించే పాత్రికేయులకు, అధికారులకు ఉపయోగపడగలదన్న ఉద్దేశంతో ఆ క్రమాన్ని ఇక్కడ వివరించడమైనది.

బోర్డుల కాలం

దత్తమండలాలు 1800లో నిజాము నుండి ఈస్టిండియా కంపెనీకి సంక్రమించాయి. కర్నూలు మాత్రం 1839 వరకు నవాబుల పాలనలోనే ఉన్నది. 1858లో కంభం, కోయిలకుంట్ల, మార్కాపురం తదితర ప్రాంతాలను కడప నుండి విడదీసి కర్నూలుకు చేర్చి జిల్లాగా ఏర్పరచారు. కనుక స్థానిక స్వపరిపాలన ఈ ప్రాంతంలో అడుగుపెట్టే నాటికి రెండు జిల్లాల హద్దులు కొత్తవే.

మద్రాసు రాజధానిలో 1871 నాటి స్థానిక నిధుల చట్టం లోకల్ ఫండ్ సర్కిళ్ళను ఏర్పాటు చేసింది. 1882లో రిప్పన్ ప్రభువు ప్రభుత్వం వెలువరించిన తీర్మానం తరువాత 1884లో స్థానిక బోర్డుల చట్టం వచ్చింది. జిల్లాకు జిల్లా బోర్డు, దాని కింద తాలూకా బోర్డులు, కొన్ని పెద్ద గ్రామాలకు యూనియన్లు ఏర్పడినవి. ఆరంభంలో ఇవి పేరుకు మాత్రమే ప్రజాసంస్థలు. జిల్లా బోర్డుకు కలెక్టరే అధ్యక్షుడు. 1920 నాటి స్థానిక బోర్డుల చట్టంతో ఎన్నికైన సభ్యుల ప్రాబల్యం పెరిగినప్పటికీ ఓటు హక్కు ఆస్తిపన్ను, భూమిశిస్తు చెల్లించే వారికే పరిమితమయింది. మెట్ట సేద్యం మీద ఆధారపడిన కౌలుదారులు, కూలీలు ఆ జాబితాలో లేరు.

తాలూకా బోర్డులను 1934లో రద్దు చేశారు. నాటి నుండి 1959 వరకు, అంటే పాతికేళ్ళ పాటు, గ్రామ పంచాయతీకి జిల్లా బోర్డుకు మధ్య ప్రజాప్రతినిధుల సంస్థ ఏదీ లేదు. ఆదోని నుండి గాని, రాయచోటి నుండి గాని ఒక బావి కోసమో బడి కోసమో అర్జీ పెట్టుకొనదలచిన రైతు జిల్లా కేంద్రం దాకా పోవలసి వచ్చేది. పైగా ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 వరకు బళ్ళారి జిల్లాలో ఉండేవి. ఆంధ్ర రాష్ట్రం అవతరించినప్పుడు అవి కర్నూలులో చేరాయి.

పరిధిని దేని ఆధారంగా నిర్ణయించాలన్న వివాదం కూడా ఈ కాలానిదే. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి గృహమైన శ్రీబాగ్‌లో కుదిరిన ఒడంబడిక పేరు చెప్పగానే కృష్ణా, తుంగభద్రా జలాలు, విశ్వవిద్యాలయ కేంద్రం, రాజధాని గుర్తుకు వస్తాయి. అందులోనే శాసనసభ స్థానాలను జిల్లాల ప్రాతిపదికన సమానంగా పంచాలన్న అంశమూ ఉన్నది. దానికి అంత ప్రచారం లేదు. కడప కోటిరెడ్డి గారు ప్రభృతులు సంతకం చేసిన ఆ పత్రం వెనుక రాయలసీమ నాయకుల భయం స్పష్టమైనదే. జనసంఖ్యను బట్టి స్థానాలు పంచితే జనం పలచగా ఉన్న కరవు జిల్లాల గొంతు డెల్టా జిల్లాల గొంతు ముందు వినపడదు. శాసనసభ విషయంలో లేచిన ఈ ప్రశ్న, ఇరవై ఏళ్ళ తరువాత సమితుల హద్దులు గీసేటప్పుడు చిన్న పరిమాణంలో మళ్ళీ ఎదురయింది.

1959: సమితి రూపకల్పన

1952 అక్టోబరు 2న దేశంలో సమాజ వికాస పథకం మొదలయింది. అధికారులు నడిపే బ్లాకులలో ప్రజల భాగస్వామ్యం లేదని 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘం నివేదించి, మూడంచెల వ్యవస్థను సిఫారసు చేసింది. అప్పటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి స్వయంగా రాయలసీమవాసి. ఆయన ప్రభుత్వం 1958 జూలైలో జిల్లాకొకటి చొప్పున 20 తాత్కాలిక సమితులను ప్రయోగాత్మకంగా నెలకొల్పింది. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్‌ల చట్టం వచ్చింది. ఆ అక్టోబరులో మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్‌లో ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ ఈ వ్యవస్థను ప్రారంభించగా, నవంబరు 1 నుండి చట్టం అమలులోకి వచ్చింది. జిల్లా బోర్డులు చరిత్రలో కలిసిపోయినవి.

అభివృద్ధి బ్లాకు హద్దులే సమితి హద్దులయ్యాయి. ఒక బ్లాకు అంటే సుమారు వంద గ్రామాలు, అరవై డెబ్బయి వేల జనాభా అన్నది దేశమంతటా పాటించిన కొలత. కొలత జనాభా మీద ఆధారపడినది గనుక, జనసాంద్రత ఎక్కువైన కృష్ణా, గోదావరి డెల్టాలలో సమితి చిన్న ప్రదేశంలో ఇమిడిపోయింది. నల్లమల అంచు పల్లెలు, పత్తికొండ, ఆలూరు మెట్ట భూములు, రాయచోటి గుట్టల మధ్య ఊళ్ళు ఉన్న చోట అదే జనాభాకు చాలా ఎక్కువ విస్తీర్ణం అవసరమయింది. సమితి కేంద్రం నుండి చివరి ఊరు దూరమైనకొద్దీ గ్రామసేవకుని రాక అరుదవుతుంది. దూరపు ఊరి సర్పంచ్ సమావేశానికి రావడమూ అంతే. కాగితం మీద సమానంగా ఉన్న పరిధి నేల మీద సమానం కాలేదు.

సమితి నిర్మాణాన్ని కొంత వివరంగా చెప్పుకోవలసి ఉన్నది. పరిధిలోని గ్రామ పంచాయతీల సర్పంచ్‌లందరూ పదవిరీత్యా సభ్యులు. ఆ ప్రాంత శాసనసభ్యులకూ స్థానం ఉండేది. ఇద్దరు మహిళలను, షెడ్యూల్డు కులాల ప్రతినిధులను, గ్రామాభివృద్ధిలో అనుభవం గలవారిని సభ్యులే కోఆప్ట్ చేసుకొనేవారు. ఈ సభ్యులు తమలో నుండి అధ్యక్షుని, ఉపాధ్యక్షుని ఎన్నుకొనేవారు. సమితి అధ్యక్షులు జిల్లా పరిషత్‌లో సభ్యులై, అక్కడ శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులతో కలసి జిల్లా పరిషత్ అధ్యక్షుని ఎన్నుకొనేవారు. జిల్లా పరిషత్ స్థాయీ సంఘాలన్నిటికీ కలెక్టరే అధ్యక్షుడు కావడం ఆంధ్రప్రదేశ్ చట్టంలోని ప్రత్యేకత. సమితిలో బ్లాకు అభివృద్ధి అధికారి, అనగా బి.డి.ఓ., ముఖ్య కార్యనిర్వాహకుడు. ఆయన కింద వ్యవసాయం, పశుసంవర్ధనం, సహకారం, పంచాయతీలు మొదలైన విభాగాల విస్తరణాధికారులు, గ్రామసేవకులు పనిచేసేవారు.

ఓటరు గ్రామంలో పంచాయతీకి ఓటు వేస్తాడు. ఆ పైన జరిగేదంతా ప్రతినిధుల మధ్య వ్యవహారం. సమితి అధ్యక్ష పదవికి నిర్ణాయకమైనవి కొన్ని పదుల ఓట్లు. అంత చిన్న ఓటర్ల జాబితాలో ఒక్కొక్క సర్పంచ్ ఓటుకు ఎంత విలువ ఉంటుందో ఊహించవచ్చు. పోలింగుకు ముందు సర్పంచ్‌లను ఒకచోట చేర్చి కాపాడుకొనే క్యాంపుల పద్ధతి పరోక్ష ఎన్నికలున్న ప్రతిచోటా పెరిగింది. ఈ రెండు జిల్లాలు అందుకు మినహాయింపు కావు. ఊళ్ళోని వర్గాల పోటీ పంచాయతీ ఎన్నికతో ముగియక సమితి దాకా, సమితి నుండి జిల్లా పరిషత్ దాకా మెట్టు మెట్టుగా ఎక్కింది. ఫ్యాక్షన్ల చరిత్ర రాసేవారు ఊరి కక్షలను గురించి విస్తారంగా రాస్తారు గాని, ఊరి వర్గాన్ని తాలూకా వర్గంగా కలిపి కుట్టిన ఈ ఓటింగు పద్ధతిని అంతగా పట్టించుకోరు.

పోటీ అంత తీవ్రంగా ఉండడానికి కారణం అధ్యక్షుని చేతిలోని పనులే. ప్రాథమిక పాఠశాలలు సమితి ఆధీనంలోనివి. ఉపాధ్యాయుల బదిలీలు అధ్యక్షుని ఇష్టాయిష్టాల మీద ఆధారపడినవన్న విమర్శ రాష్ట్రమంతటా ఆనాటి నుండి వినవచ్చింది. బావుల తవ్వకానికి అప్పులు, తాగునీటి బావులు, చిన్న చెరువుల మరమ్మతు, గ్రామాల మధ్య రోడ్లు, విత్తనాలు, ఎరువులు సమితి ద్వారానే వచ్చేవి. నీటిపారుదల ఉన్న జిల్లాలో బావి అప్పు ఒక సౌకర్యం. వేరుశనగ, జొన్న, కొర్ర పండే మెట్టలో అదే ఒక కుటుంబం ఊరిలో నిలవడమా, వలసపోవడమా అన్నది తేల్చే విషయం.

ఆదాయం విషయంలో కూడా ఎగుడుదిగుళ్ళు తప్పలేదు. భూమిశిస్తు మీద విధించే సెస్సు, సర్‌ఛార్జి స్థానిక సంస్థల సొంత రాబడిలో ముఖ్యమైనవి. శిస్తు తరి భూమికి ఎక్కువ, మెట్టకు తక్కువ. సుంకేసుల నుండి కడప దాకా పారే కర్నూలు-కడప కాలువ రెండు జిల్లాలలో ఒక సన్నని పచ్చని చారను మాత్రమే తడుపుతుంది. ఆ చార మీద ఉన్న సమితికి ఉన్న వసతి, దానికి దూరంగా మెట్టలో ఉన్న సమితికి లేదు. సమితులను అభివృద్ధి చెందినవి, సామాన్యమైనవి, వెనుకబడినవి, గిరిజన ప్రాంతాలవి అని వర్గీకరించి నిధులు కేటాయించే పద్ధతిని తరువాత ప్రభుత్వం చేపట్టినది ఈ తేడాను సవరించడానికే.

పదకొండేళ్ళ విరామం, ప్రత్యక్ష ఎన్నిక

పంచాయతీ ఎన్నికలు 1964లోను, 1970లోను జరిగాయి. 1964లో గ్రామ పంచాయతీల చట్టం వచ్చి ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల పంచాయతీలకు ఒకే శాసనం వర్తింపజేసింది. మొదట నాలుగు వందలకు పైగా ఉన్న బ్లాకులను ఆర్థిక కారణాల వల్ల కలిపివేసి సంఖ్యను తగ్గించడంతో సమితి పరిధి మరింత విశాలమయింది. రద్దయ్యే నాటికి రాష్ట్రంలో 330 సమితులు ఉన్నవి.

1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలు కర్నూలు నుండి విడిపోయాయి. ఆ జిల్లాయే 1972లో ప్రకాశం జిల్లా అయింది. కర్నూలు జిల్లా పరిషత్ తూర్పు భాగపు సమితులను ఆ విధంగా కోల్పోయింది. కనుక 1960ల నాటి కర్నూలు జిల్లా పరిషత్ లెక్కలను తరువాతి లెక్కలతో పోల్చేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవలసి ఉంటుంది. లేనిచో లేని తగ్గుదల ఉన్నట్టు కనబడుతుంది.

1970 తరువాత మళ్ళీ ఎన్నికలు జరగడానికి 1981 దాకా ఆగవలసి వచ్చింది. 1968లో జలగం వెంగళరావు అధ్యక్షతన, 1972లో నరసింహం అధ్యక్షతన వేసిన సంఘాలు నివేదికలు ఇచ్చినప్పటికీ ఎన్నికలు మాత్రం వాయిదా పడుతూ వచ్చాయి. 1970లో ఇరవై ఒకటి నిండక ఓటు రానివాడు, స్థానిక సంస్థలకు మొదటిసారి ఓటు వేసే నాటికి ముప్పయి దాటాడన్న మాట.

ఆ నిరీక్షణ చివర ఒక మార్పు వచ్చింది. 1978 నాటి సవరణ ననుసరించి సమితి అధ్యక్షుని సర్పంచ్‌లు కాక ఓటర్లే నేరుగా ఎన్నుకొనే ఏర్పాటు జరిగింది. 1981లో ఆ విధంగా ఎన్నికలు నిర్వహించారు. పదుల సంఖ్యలో ఉండే ఓట్లు ఒక్కసారిగా వేలకు పెరిగాయి. శాసనసభ నియోజకవర్గానికి కొంచెం తక్కువైన పరిధిలో ప్రతి ఊరూ తిరిగి ఓట్లు అడగవలసి రావడంతో సమితి ఎన్నిక కొత్త నాయకులకు శాసనసభ ఎన్నికకు శిక్షణ వంటిదయింది. కడప జిల్లాలో 1981లో పులివెందుల సమితి అధ్యక్షునిగా ఎన్నికైన వై.ఎస్. వివేకానందరెడ్డి తరువాత 1989, 1994లలో శాసనసభ్యుడిగా, 1999, 2004లలో కడప పార్లమెంటు సభ్యునిగా గెలుపొందారు. కర్నూలు జిల్లా పరిషత్ అధ్యక్షునిగా పనిచేసిన కోట్ల విజయభాస్కరరెడ్డి రెండు పర్యాయాలు ముఖ్యమంత్రి అయ్యారు.

అయితే ఓటర్లు స్వయంగా ఎన్నుకున్న సమితి అధ్యక్షుల తరం అదొక్కటే. వారి పదవీకాలం ముగిసేసరికి సమితే లేకుండా పోయింది.

ఆ 1981 చుట్టుపక్కలనే మరొక పరిణామం సమితి పటాన్ని తాకింది. శ్రీశైలం జలాశయం నిండడంతో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో దాదాపు వంద గ్రామాలు మునిగిపోయాయి. కర్నూలు వైపు నష్టం ప్రధానంగా నందికొట్కూరు, ఆత్మకూరు ప్రాంతాలది. అనంతర కాలంలో సోమశిల జలాశయం వెనుక నీటిలో కడప జిల్లా తూర్పు భాగపు పల్లెలు, ఇటీవల గండికోట జలాశయంలో కొండాపురం మండలంలోని తాళ్ళప్రొద్దుటూరు తదితర గ్రామాలు మునిగినవి. నిర్వాసితులు చెల్లాచెదరైనప్పుడు ఊరి ఓటర్ల జాబితా కూడా చెల్లాచెదరవుతుంది. పాత జాబితాలలో పంచాయతీగా కనిపించి, నేటి పటంలో కనిపించని పేరు దొరికినప్పుడు అచ్చుతప్పు అనుకొనే ముందు జలాశయాల పటం చూడడం మంచిది.

మండలం, ప్రాదేశిక నియోజకవర్గం

1983లో అధికారంలోకి వచ్చిన ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1984 జనవరిలో కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. 1985లో తాలూకాలు, ఫిర్కాల స్థానంలో రెవెన్యూ మండలాలు వెలిశాయి. 1986 నాటి చట్టం పంచాయతీ సమితులను రద్దుచేసి మండల ప్రజా పరిషత్తులను, జిల్లా ప్రజా పరిషత్తులను, వాటిపైన జిల్లా ప్రణాళికాభివృద్ధి సమీక్షా మండలులను ఏర్పరచింది. 330 సమితుల స్థానంలో రాష్ట్రంలో 1,104 మండలాలు వచ్చాయి. సగటున ఒక సమితి మూడుకు పైగా ముక్కలయింది.

మెట్ట జిల్లాలలో ఈ విభజన ఫలితం బాగా కనిపించింది. సమితి కేంద్రానికి పోవడానికి పూట పట్టే ఊళ్ళకు మండల కార్యాలయం దగ్గరయింది. పాలనలో దూరాన్ని తగ్గించడమే ప్రకటిత లక్ష్యం కాగా, ఎన్నికలలో కూడా దూరం తగ్గింది. 1987లో మండలాధ్యక్షుని, జిల్లా ప్రజా పరిషత్ అధ్యక్షుని కూడా ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు. ఒక జిల్లా గ్రామీణ ఓటర్లందరూ కలసి ఒక్క అధ్యక్షునికి ఓటు వేయడం ఈ ప్రాంతంలో అదే మొదటిసారి. ఆ జిల్లా స్థాయి ఓటు మళ్ళీ రాలేదు. అధ్యక్ష పదవులలో వెనుకబడిన తరగతులకు 20 శాతం, షెడ్యూల్డు కులాలకు 15, షెడ్యూల్డు తెగలకు 6, మహిళలకు 9 శాతం చొప్పున కేటాయింపు ఆ చట్టంలోనే చోటు చేసుకున్నది. సమితి రోజులలో మహిళ, దళితుడు ప్రవేశించినది ప్రధానంగా కోఆప్షన్ దారిలో, అంటే ఇతరులు పిలిస్తే. ఎన్నికలో నిలబడి గెలిచే దారి అధ్యక్షపీఠం దాకా తెరుచుకున్నది 1987లో.

ఆ పాలకవర్గాల గడువు 1992లో ముగిసింది. 73వ రాజ్యాంగ సవరణ తరువాత, కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా 1994లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం వెలువడింది. జిల్లా పరిషత్ అధ్యక్షపీఠం నుండి వచ్చిన ముఖ్యమంత్రి హయాములో ఈ శాసనం రావడం యాదృచ్ఛికమే కావచ్చు. ఈ చట్టంతో 1995 ఎన్నికలు మొదలుకొని ప్రాదేశిక నియోజకవర్గాలు అమలులోకి వచ్చాయి. మూడు నాలుగు వేల జనాభాకు ఒక మండల ప్రాదేశిక నియోజకవర్గం, అనగా ఎంపీటీసీ స్థానం. ఒక మండలమంతా కలిపి ఒక జిల్లా ప్రాదేశిక నియోజకవర్గం, అనగా జడ్పీటీసీ స్థానం. ఎంపీటీసీ సభ్యులు మండలాధ్యక్షుని, జడ్పీటీసీ సభ్యులు జిల్లా పరిషత్ అధ్యక్షుని ఎన్నుకొంటారు. సర్పంచ్‌కు మండల పరిషత్‌లో ఓటు లేదు.

అంటే ప్రత్యక్ష ఎన్నిక 1981లో సమితికి వచ్చి, 1987లో మండలానికి, జిల్లాకు విస్తరించి, 1995 నాటికి అధ్యక్ష పదవుల నుండి తొలగిపోయింది. 1959లో సర్పంచ్‌లు చేసిన పనిని 1995 నుండి ఎంపీటీసీ సభ్యులు చేస్తున్నారు. క్యాంపులు కూడా తిరిగి వచ్చాయి. దీనికి ప్రతిగా లభించినది, ప్రతి చిన్న పరిధికీ దాని సొంత ప్రతినిధి, మహిళలకు మూడవ వంతు స్థానాలు. 2011 నాటి సవరణతో మహిళల వాటా సగానికి పెరిగింది. ఇద్దరిని కోఆప్ట్ చేసుకొనే నియమంతో మొదలైన ప్రయాణంలో ఇది చిన్న విషయం కాదు.

శాసనమండలితో ముడి

1958లో ఏర్పడిన రాష్ట్ర శాసనమండలిలో మూడవ వంతు స్థానాలను స్థానిక సంస్థల ప్రతినిధులు ఎన్నుకొనేవారు. 90 స్థానాలలో ఆ వాటా 31. సమితి అధ్యక్షుడు జిల్లా పరిషత్‌లో మాత్రమే కాక రాజధానిలో కూడా ఒకింత లెక్కకు రావడానికి ఇదొక కారణం. 1985లో మండలి రద్దయినప్పుడు ఆ ఓటు పోయింది. మరుసటి సంవత్సరం సమితి కూడా పోయింది. 2007లో మండలిని పునరుద్ధరించే నాటికి స్థానిక సంస్థల నియోజకవర్గంలో ఓటర్లు మారిపోయారు. సర్పంచ్‌లు, సమితి అధ్యక్షుల స్థానంలో ఎంపీటీసీ, జడ్పీటీసీ సభ్యులు, పురపాలక సంఘాల కౌన్సిలర్లు, కార్పొరేటర్లు వచ్చారు. 2017 మార్చిలో కడప స్థానిక సంస్థల స్థానానికి జరిగిన ఎన్నికలో, 1981 నాటి పులివెందుల సమితి అధ్యక్షుడు వివేకానందరెడ్డి తెలుగుదేశం అభ్యర్థి బి.టెక్. రవి చేతిలో స్వల్ప తేడాతో ఓడిపోయారు. వేల ఓట్లతో మొదలైన రాజకీయ జీవితానికి కొద్దివందల ఓటర్ల జాబితా అడ్డుపడడం ఈ రెండు పద్ధతుల తేడాను తెలియజేస్తుంది.

పాత రికార్డులు చూసేవారికి

సమితి పేరు, తాలూకా పేరు, మండలం పేరు ఒకటే అయినప్పుడు మూడింటి పరిధీ ఒకటేనని భావించడం తరచు జరిగే పొరపాటు. పులివెందుల పేరుతో తాలూకా, సమితి, మండలం, శాసనసభ నియోజకవర్గం, పురపాలక సంఘం ఉన్నవి లేదా ఉండేవి. ఏ రెండింటి సరిహద్దూ సరిగ్గా ఒకటి కాదు. సమితి కాలపు పాఠశాలల సంఖ్యను గాని, బావుల సంఖ్యను గాని అదే పేరున్న మండలం లెక్కతో పోల్చరాదు. పాత సమితి నుండి ఏర్పడిన మండలాలన్నిటినీ గ్రామాల వారీగా కలిపి చూచినప్పుడే పోలిక చెల్లుతుంది. 1911కు ముందరి మదనపల్లె, వాయల్పాడు తాలూకాల బోర్డు వ్యవహారాలను కడప కింద, 1953కు ముందరి ఆదోని, ఆలూరు వ్యవహారాలను బళ్ళారి కింద వెదకవలసి ఉంటుంది. బనగానపల్లె 1948 వరకు సంస్థానం గనుక అది జిల్లా బోర్డు పరిధిలోనే లేదు.

పట్టణాలు విడిపోవడం మరొక అంశం. ఊరు పురపాలక సంఘంగా మారగానే దాని ఓటర్లు గ్రామీణ పరిధి నుండి తొలగిపోతారు. మిగిలిన పల్లెలతో జడ్పీటీసీ స్థానం కొనసాగుతుంది. దీని ఫలితం 2025 ఆగస్టు 12న కడప జిల్లాలో రెండు జడ్పీటీసీ స్థానాలకు జరిగిన ఉప ఎన్నికలలో కనిపించింది. పులివెందుల స్థానంలో ఓటర్లు సుమారు 10,600 మంది కాగా, ఒంటిమిట్ట స్థానంలో సుమారు 24,600 మంది. ఇద్దరు సభ్యులకూ జిల్లా పరిషత్‌లో తలకొక ఓటే. సమితిని జనాభా కొలతతో గీసినప్పుడు విస్తీర్ణంలో వచ్చిన తేడా, మండలాల కాలంలో జనాభాలోకి మారింది.

ప్రాదేశిక స్థానాలకు 1995 తరువాత 2001, 2006, 2014, 2021లలో ఎన్నికలు జరిగాయి. 2011-14 మధ్య, 2019-21 మధ్య ఎన్నికైన పాలకవర్గాలు లేని కాలంలో ప్రత్యేకాధికారులు బాధ్యతలు నిర్వహించారు. 2021 ఎన్నికలలో ఉమ్మడి కర్నూలు జిల్లాకు 53, ఉమ్మడి కడప జిల్లాకు 50 జడ్పీటీసీ స్థానాలు ఉన్నవి. ఆ ఏడాది ఏప్రిల్ 8న పోలింగు జరుగగా, న్యాయస్థానాలలో వివాదం కారణంగా ఓట్ల లెక్కింపు సెప్టెంబరు 19న జరిగింది.

2022 ఏప్రిల్ 4న కర్నూలు నుండి నంద్యాల, కడప నుండి అన్నమయ్య జిల్లా విడిపోయినప్పటికీ 2021లో ఎన్నికైన జిల్లా పరిషత్‌లను విభజించలేదు. నంద్యాల ప్రాంతపు జడ్పీటీసీ సభ్యుడు కర్నూలులోను, రాయచోటి ప్రాంతపు సభ్యుడు కడపలోను సర్వసభ్య సమావేశాలకు హాజరు కావడం కొనసాగింది. ఈ కాలపు జిల్లా పరిషత్ గణాంకాలు పాత ఉమ్మడి జిల్లాలవి. కలెక్టరేట్లు వెలువరించే గణాంకాలు కొత్త జిల్లాలవి. రెండింటిని ఒకే పట్టికలో చేర్చే ముందు మండలాల జాబితాలను సరిచూచుకొనవలసి ఉంటుంది.